యశస్విని ఫోన్‌కు తాళం

ఆ ఆదివారం తెల్లవారుతూనే తిరుమలరావు రెండు పనులు పెట్టుకున్నాడు. ఒకటి, కూతురు యశస్విని నిద్ర లేవకముందే దాని ఫోన్‌కు తాళం వెయ్యడం. రెండోది, ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి నజీర్ అహ్మద్ ఇంటి పెళ్లికి చేపలు కొనడం. రెండింట్లో చేపలు కొనడమే కష్టమైన పనని అతని అంచనా. పోర్టులో క్రేను నడిపే మనిషికి ఫోన్ ఒక లెక్కా అనుకున్నాడు.

నజీర్ పూర్ణా మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టు నడుపుతాడు. ఇద్దరూ బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్లు, అప్పటి నుంచీ ఒకరినొకరు బావ అనే పిలుచుకుంటారు. నజీర్ కూతురు ఖుష్నుమాకు ఆ మధ్యాహ్నమే నిఖా. హైదరాబాదు నుంచి దిగిన మగపెళ్లివారు, బిర్యానీ మా ఊళ్లోనూ దొరుకుతుంది, సముద్రం పక్కకొచ్చి చేప తినకుండా వెళ్తామా అన్నారట. "సేపల సంగతి నాకొదిలెయ్ బావ. బోటు దిగిన కోనం సేప దిగినట్టు నీ గిన్నెలో పడతాది" అని తిరుమలరావు మాటిచ్చేశాడు. వంటవాళ్లు పొయ్యి వెలిగించే వేళకు చేప అందకపోతే కొత్త వియ్యంకుల ముందు నజీర్ మాట పోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇక ఫోన్ సంగతి. పిల్లలకు సోషల్ మీడియా ఉండాలా వద్దా అని టీవీల్లోనూ టీ కొట్లలోనూ వాదించుకుంటున్న రోజులు. ఎక్కడో విదేశంలో చట్టం చేశారట, ఇక్కడా చేస్తే బాగుండునట. శనివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులో తిరుమలరావు కుర్చీలోంచి లేచి, "సట్టం వచ్చినప్పుడు వత్తాది. మా ఇంట్లో మాత్రం రేపట్నుంచే అమలు" అని ప్రకటించాడు. చప్పట్లు బాగా పడ్డాయి. వెనక వరసలో కూర్చున్న యశస్విని మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఎనిమిదో తరగతి పిల్ల, అలిగినా ఎంతసేపులే అని అతను సర్దుకున్నాడు గానీ, అన్నాల దగ్గర అది తలెత్తి చూడకపోయేసరికి సగంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

సంఘం సెక్రటరీ సుమంత్ ఒక యాప్ చెప్పాడు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ నుంచి పిల్లల ఫోన్‌కు తాళం వెయ్యవచ్చు. తాళం పడ్డాక ఆ పెద్దవాళ్ల ఫోన్‌కు తప్ప ఇంకెక్కడికీ కాల్ పోదు, ఇంకెవరి కాలూ రాదు. తిరుమలరావు ఇంట్లో ఆ పెద్ద అతని తల్లి మంగాయమ్మ. కరెంటు మీటరు ఆవిడ పేర, గ్యాసు ఆవిడ పేర, ఇంటి పన్ను ఆవిడ పేర. ఇంటికి ఏది వచ్చినా పెద్దదిక్కు పేరు మీదే ఉండాలన్నది ఆ కుటుంబం ఆచారం. ఫోన్లు కొన్ననాడు కొట్టువాడు ఎవరి పేర పెట్టమంటారని అడిగితే తిరుమలరావు తడుముకోకుండా తల్లి పేరే చెప్పాడు. అందుకని ఇప్పుడు మంగాయమ్మ ఫోన్‌లో యాప్ తెరవగానే రెండు పేర్లు కనిపించాయి. ఒకటి నాన్న ఫోన్, రెండోది యశస్విని ఫోన్. అతను రెండో దాని మీద వేలు పెట్టి తాళం వేసేశాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. ఏడో తరగతిలో మంచి మార్కులొచ్చాయని కూతురి కోసం కొత్త ఫోన్ కొన్నది అతనే. దానికి కూతురి పేరు పెట్టించిందీ అతనే. కెమెరా ఎలా ఉందో చూసిస్తానని తీసుకుని, ఇవ్వకుండా ఉండిపోయిందీ అతనే. తన సిమ్ము అందులో వేసుకుని, పాత ఫోన్ పిల్ల చేతిలో పెట్టి, చదువుకునేవాళ్లకు ఇది చాలదేటి అన్నాడు. యశస్విని పల్లెత్తు మాట అనలేదు. అనలేదు కనుక అతను హాయిగా మరిచిపోయాడు. ఫోన్లు మరిచిపోలేదు.

తాళం పడ్డ ఫోన్‌ను తన జేబులోనే వేసుకుని, మంగాయమ్మ ఫోన్‌ను ఆవిడకు అప్పగించాడు. ఆవిడ అప్పటికే తలస్నానం చేసి, ఎదురింటివాళ్లతో కలిసి సింహాచలం బయల్దేరుతోంది.

"అమ్మా, యశి ఎంత బతిమాలినా తాళం తియ్యకు. ఏడ్సినా తియ్యకు."

"తియ్యన్రా."

"ఈ కాలం పిల్లలు మాయదారోళ్లు. తండ్రి గొంతు కూడా ఫోన్లో తయారు సేసి మాటాడించేత్తన్నారట. నా గొంతుతో అడిగినా నమ్మకు."

"నీ గొంతైనా సరే, ఆ నరసింహస్వామి గొంతైనా సరే," అంది మంగాయమ్మ. ఆవిడ మాట ఇచ్చిందంటే ఇచ్చినట్టే. తిరుమలరావు నిశ్చింతగా, టిఫిను కూడా తినకుండా స్కూటరు తీశాడు.

హార్బర్‌లో అప్పటికే సగం పని అయిపోయింది. ఐసు పెట్టెలు లాగేవాళ్లు, వలలు బాగుచేసుకునేవాళ్లు, తట్టలతో ఆడవాళ్లు, వీళ్లందరి మధ్య వేలం పాడే చలమయ్య గొంతు. ఒక బోటులోంచి నిగనిగలాడే కోనాలు దిగాయి. వాటి మీద ఒక హోటల్ మనిషి కూడా కన్నేశాడు. ఇద్దరూ పోటీ పడ్డారు. ఆఖరికి పాట తిరుమలరావుదే అయింది. నజీర్ మొహం వెలిగిపోవడం అతనికి అక్కడి నుంచే కనిపించింది. గర్వంగా డబ్బు కట్టడానికి జేబులోంచి ఫోన్ తీశాడు. నోటు ముట్టుకుని ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు, ఆ జేబులో ఫోన్ తప్ప మరేదీ ఉండదు.

తెర మీద కళ్లజోడు పెట్టుకున్న ఎలుగుబంటి ప్రత్యక్షమైంది. ప్రత్యక్షం కావడమే కాదు, మాట్లాడింది కూడా. "బుజ్జీ, ఇది చదువుకునే వేళ. ఫోన్ కావాలంటే పెద్దవాళ్లను అడుగు," అంది, హార్బర్ సగం వినపడేలా.

చలమయ్య వేలం ఆపాడు. "ఏటి బాబూ అది?"

"ఏదో తేడా వచ్చినట్టుంది," అంటూ తిరుమలరావు తెరను నాలుగుసార్లు పొడిచాడు. పొడిచినప్పుడల్లా ఎలుగుబంటి బుజ్జీ అని మొదలుపెట్టింది.

"సదువుకోమంటంది. ముందు సదువుకో నాయనా," అంది తట్ట ముందు కూర్చున్న ఒకావిడ. "సేపలు ఎక్కడికీ పోవు."

పోతాయి. హోటల్ మనిషి ఇంకా పక్కనే నిలబడి ఉన్నాడు. "ఈ బోటుకి బోణీ బేరమని ఆగతన్నాను బాబూ. అవతల బోటు దించేసరికి కట్టెయ్యాల. నేకపోతే ఆయనకి తోలేత్తాను," అని చలమయ్య ఉన్నమాట చెప్పాడు. తిరుమలరావు ఎలుగుబంటి కింద ఉన్న పేరు అప్పుడు చదివాడు. యశస్విని ఫోన్. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అయింది.

ఆ ఫోన్ నుంచి పోయే కాల్ ఒక్కటే, అదీ యాప్ ద్వారా, యశస్విని ఫోన్ అన్న పేరుతోనే. చేశాడు. మంగాయమ్మ ఆటోలో కొండ కిందికి చేరుతోంది.

"అమ్మా, నాను. తాళం తియ్యి."

"ఎవరది? యశీ, నువ్వేనా?"

"యశి కాదమ్మా, నాను తిరుమలరావుని."

"అచ్చు మీ నాన్న గొంతే పెట్టావు తల్లీ. మావాడు ముందే సెప్పాడులే."

"అమ్మా, నీ కొడుకునే మాటాడతన్నాను."

"అలాగైతే సెప్పు, పొద్దున్న ఏటి తిన్నావు?"

"ఏటీ తినలేదు."

"దొరికిపోయావు. నా కొడుకు ఇడ్డెన్లు తినకుండా గుమ్మం దాటడు," అని మంగాయమ్మ కాల్ పెట్టేసి, తాళం తియ్యాలా అని యాప్ అడిగినచోట ఇవ్వను అన్న మీట నొక్కింది. ఎలుగుబంటి తిరుమలరావు వైపు విచారంగా చూసి, బుజ్జి మారాం చేస్తున్నందుకు సాయంత్రం వరకు తాళం పొడిగించామని చెప్పింది.

చలమయ్య జాలిపడి తన ఫోన్ ఇచ్చాడు. తీరా చేతిలోకి వచ్చాక ఎవరికి చెయ్యాలో తిరుమలరావుకు తెలియలేదు. భార్య అనూరాధ నంబరు గానీ, నజీర్ నంబరు గానీ ఒక్కనాడూ బుర్రలో పెట్టుకోలేదు. స్కూలువాళ్లకు, ట్యూషన్‌వాళ్లకు చెప్పీ చెప్పీ నోటికొచ్చిన నంబరు ఒక్కటే ఉంది. అది యశస్వినిది. నిన్నటి నుంచి తనతో మాట్లాడని పిల్ల. సిగ్గు చంపుకుని దానికే చేశాడు. జరిగింది నసుగుతూ నసుగుతూ చెప్పాడు.

యశస్విని నవ్వలేదు. "ఎంత కావాలి నాన్నా?" అంది. విని, "నేను తెస్తాను, అక్కడే ఉండండి," అంది.

"మీ అమ్మకి సెప్పకు తల్లీ. పరువు పోతాది."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే కథ అక్కడితో అయిపోయేది. తండ్రి చెప్పాడు కదా అని యశస్విని చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరికి వేసి సైకిలెక్కింది. అవతల కొండ మీదికి చేరిన మంగాయమ్మ, యాప్‌లో ఇంకేదో కనిపిస్తోందని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది. యశస్విని ఫోన్ ఇప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో ఉంది. అయితే ఇందాక మాట్లాడింది పిల్ల కాదు, దాన్ని తీసుకెళ్లిన మగవాడెవడో అని ఆవిడ తేల్చుకుంది. వెంటనే కోడలికి చేసి, "అనూరాధా, పిల్ల హార్బర్‌లో ఉంది. ఎవడో మగోడు మావాడి గొంతు పెట్టి మాటాడతన్నాడు," అంది. అంతలో వాళ్ల గుంపు క్యూ దగ్గరికి చేరింది. గుళ్లోకి ఫోన్లు తీసుకెళ్లకూడదు. ఆవిడ కంగారులోనే ఫోన్ కౌంటరులో ఇచ్చేసి, ఆ దేవుడికే మొరపెట్టుకుందామని లోపలికి వెళ్లిపోయింది.

అనూరాధ మంచం చూసింది, పిల్ల లేదు. మొగుడూ హార్బర్‌లోనే ఉన్నాడు కదా అని అతనికి చేసింది, మోగలేదు. కూతురికి చేసింది, ఎత్తలేదు. సైకిలు మీద ఫోన్ ఎత్తకూడదన్నది తిరుమలరావు పెట్టిన రూలు, యశస్విని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. అనూరాధ ఏడుస్తూ కిందికి పరుగెత్తి సుమంత్ తలుపు కొట్టింది, దారిలోనే నజీర్‌కు చేసింది. సుమంత్ అపార్ట్‌మెంట్ గ్రూపులో యశస్విని ఫొటో పెట్టి, కనిపించడం లేదు అని రాశాడు. ఆ మాట పూర్ణా మార్కెట్ దాటేసరికి, ఇన్‌స్టాలో పరిచయమైన నలభై ఏళ్ల కేటుగాడు తండ్రి గొంతుతో మాట్లాడి బాలికను బోటెక్కించబోతున్నాడు, అందరికీ పంపండి అయింది. పెద్దవాళ్ల గ్రూపులకు తాళం వేసే యాప్ ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు.

యశస్విని చెమటలు కక్కుకుంటూ హార్బర్ చేరింది. బడి సంచీలోంచి నోట్లు తీసి తండ్రి చేతిలో పెట్టింది. పండగలకు బంధువులిచ్చినవి, పుట్టినరోజులకు నాయనమ్మ ఇచ్చినవి, నలిగిన నోట్లు.

"ఇవెక్కడివే?"

"దాచుకున్నవి."

"దేనికి?"

పిల్ల అతని చేతిలో ఉన్న ఫోన్ వైపు ఒకసారి చూసి, "దేనికో ఒకదానికి. ముందు చేపలు తీసుకోండి, మావయ్య ఎదురుచూస్తుంటారు," అంది. తిరుమలరావుకు ఆ చూపు అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండునని కూడా అనిపించింది. అతను తల తిప్పుకుని నోట్లు లెక్కపెట్టాడు.

డబ్బు చలమయ్యకు అందింది, చేపలు ఐసు పెట్టెలోకి వెళ్లాయి. గండం గడిచిందనుకుంటున్నంతలో చలమయ్య ఫోన్ టింగుమంది. అతను చదివాడు, ఫొటో చూశాడు, యశస్వినిని చూశాడు, తిరుమలరావును చూశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే.

"ఓ పాపా, ఇలా నా ఎనక్కి రా," అన్నాడు నెమ్మదిగా. "బాబూ, నువ్వు అక్కడే ఉండు. నీ పేరేటి?"

"తిరుమలరావు."

"మరి నీ ఫోన్ మీద ఆడపిల్ల పేరుందేటి?"

వలలు కుట్టుకుంటున్న ఇద్దరు లేచి వచ్చి తిరుమలరావు చెరో రెక్కా పట్టుకున్నారు. తట్టల ముందున్న ఆడవాళ్లు యశస్విని చుట్టూ నిలబడ్డారు.

"ఆయన మా నాన్నే," అంది యశస్విని.

"బయపడకమ్మా, మేవున్నాం. నీ సేత అలాగే సెప్పిత్తారు ఎదవలు," అంది ఇందాక చదువుకోమన్నావిడ. "నాను అప్పుడే అనుకున్నాను. ఇంత మనిషిని పట్టుకుని ఫోను బుజ్జీ అంటాదేటి?"

తిరుమలరావుకు తలప్రాణం తోకకొచ్చింది. తన గొంతు తనదేనని నిరూపించుకోవడం ఎలాగో తెలియలేదు. ఎంత గట్టిగా నేనే తండ్రినని చెబితే అంత గట్టిగా రెక్కలు బిగిశాయి. సాక్ష్యం చూపిద్దామంటే పిల్లతో తీయించుకున్న ఫొటోలన్నీ ఎలుగుబంటి వెనకే ఉన్నాయి.

అప్పుడు వినపడింది, "యశీ, బేటీ," అని ఎవరో అరుస్తున్న కేక. పెట్టెల మధ్య నుంచి ఒక మనిషి పరుగెత్తుకొస్తున్నాడు. పెళ్లికని కుట్టించుకున్న కొత్త షేర్వానీ, దాని అంచులకు చేపల నీళ్లు, ఒక కాలికి చెప్పు లేదు. ఒకచోట జారి పడ్డాడు, లేచి మళ్లీ పరుగెత్తాడు. నజీర్. ఇంటి నిండా వియ్యాలవారిని వదిలేసి, ముస్తాబవుతున్న కూతురిని వదిలేసి వచ్చాడు. యశస్విని కనపడగానే రెండు చేతులతో దాని తల పట్టుకుని, చేతులు చూశాడు, మొహం చూశాడు, అక్కడే ఐసు పెట్టె మీద కూలబడి ఏడ్చేశాడు.

"మావయ్యా, నాకేం కాలేదు. నాన్నను వదలమని చెప్పండి."

నజీర్ అప్పుడు తలెత్తి రెక్కలు పట్టి నిలబెట్టిన స్నేహితుణ్ని చూశాడు. "ఈడా? ఈడు మా బావ. ఒగ్గేయండి," అన్నాడు. ఆ వెనకే అనూరాధ, సుమంత్, అపార్ట్‌మెంట్ వాళ్లు నాలుగు స్కూటర్ల మీద దిగారు. అందరి ముందూ, నిన్న చప్పట్లు కొట్టిన చేతుల ముందే, ఎవరి ఫోన్‌కు తాళం వెయ్యబోయి ఎవరి ఫోన్‌కు వేసుకున్నాడో తిరుమలరావు పూసగుచ్చినట్టు చెప్పాల్సి వచ్చింది. చెప్పడం పూర్తవకముందే హార్బర్ నవ్వడం మొదలుపెట్టింది. అనూరాధ ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో నవ్వు దాచుకుంది.

అతను నవ్వలేకపోయాడు. నజీర్ పక్కన కూర్చున్నాడు. "ఇయ్యాళ నీ కూతురి పెళ్లి బావ. వదిలేసి వచ్చేశావేటి?"

"సేపలు రాకపోతే పప్పు పెడదును. నీ పిల్ల కనపడకుండా నా పిల్లకి నిఖా ఎలా సేయించమన్నావు?" అన్నాడు నజీర్, షేర్వానీ మీద పొలుసులు దులుపుకుంటూ.

తిరుమలరావు అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. తర్వాత లేచి వెళ్లి, తన రెక్కలు విరిచినంత పని చేసిన ఆ ఇద్దరికీ దణ్ణం పెట్టాడు. ఊరూ పేరూ తెలియని పిల్ల కోసం పని మానుకుని నిలబడ్డవాళ్లు వాళ్లు. నిజంగానే ఎవడైనా వచ్చి ఉంటే ఏమై ఉండునో తలుచుకుని, ఆ నొప్పి కూడా బాగున్నట్టే అనిపించింది అతనికి. చలమయ్య ఇంకో కోనం తెచ్చి పెట్టెలో వేశాడు, పెళ్లికూతురికి తన తరఫున అని.

నిఖా వేళకే జరిగింది. మగపెళ్లివారు చేపను మెచ్చుకున్న తీరుకు నజీర్ మరో అంగుళం పొడుగయ్యాడు. ఫోన్ లేని తిరుమలరావు ఆ మధ్యాహ్నం వడ్డన చేశాడు, ముసలివాళ్లతో కబుర్లాడాడు, ఖుష్నుమా అత్తవారింటికి వెళ్తూ సలాం చేస్తే కళ్లారా చూశాడు. ఎన్నో పెళ్లిళ్లకు వెళ్లాడు గానీ ఒక పెళ్లిని మొత్తం చూడడం చాలా ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

సాయంత్రం మంగాయమ్మ ప్రసాదంతో వచ్చి, జరిగింది విని, నవ్వాలో తిట్టాలో తేలక రెండూ చేసింది. తిరుమలరావు కొత్త ఫోన్ తీసి కూతురి ఒళ్లో పెట్టాడు. "ఇది నీది తల్లీ. మొదట్నుంచీ నీదే. నాను తప్పు సేశాను. నువ్వు రాకపోతే ఇయ్యాళ నా బతుకు బజారున పడును. నీ డబ్బులు కూడా ఇచ్చేత్తాను."

యశస్విని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పింది. "తాళం ఉండనివ్వండి నాన్నా," అంది మెల్లగా. "రాత్రుళ్లు ఒక్క వీడియోనే చూద్దామనుకుంటాను, ఆపలేను. నాకే భయమేస్తోంది. కానీ మీరు నన్ను అడగకుండా అందరి ముందూ లేచి చెప్పేశారు. అడిగి ఉంటే నేనే వెయ్యమందును."

తిరుమలరావు దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఒక్క రాత్రి మాట్లాడకపోతేనే ఇల్లు ఇల్లులా లేదు, ఈ పిల్ల ఇలా పక్కన కూర్చుని మనసులో మాట చెప్పడం ఎంత భాగ్యమో అతనికి ఆ పూట తెలిసింది. అక్కడికక్కడే అందరూ కూర్చుని తేల్చుకున్నారు. రాత్రి అన్నాలైన దగ్గర్నుంచి పొద్దున టిఫిన్ల దాకా తండ్రి ఫోన్‌కూ తాళం, కూతురి ఫోన్‌కూ తాళం, తాళంచెవి మంగాయమ్మ దగ్గర. ఆ చట్టం కింద మొట్టమొదట పట్టుబడింది మాత్రం, మర్నాడు పొద్దున్నే తువ్వాల్లో అనూరాధ ఫోన్ చుట్టుకుని స్నానాల గదిలోకి వెళ్తున్న తిరుమలరావే.